పడవ మీద పొయ్యి

సముద్రం మీదకి షికారు పోతూ పోపుల డబ్బా సర్దుకున్న ఆడది ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. పోపుల డబ్బా ఒక్కటేనా, ఉప్మా రవ్వ, కందిపొడి, నెయ్యి సీసా, గోంగూర పచ్చడి జాడీ, మూత గట్టిగా బిగించిన డబ్బాలో మా చేని కారం, చిన్న మూకుడు, గరిటె, పాత తువ్వాలు రెండు. ఇవన్నీ సంచుల్లోకి కూరుతుంటే మా వారు గుమ్మంలో నిలబడి ఎంతో ప్రేమగా అన్నారు. "ఈ వారం రోజులూ నువ్వు ఊరికే కూర్చో రాజ్యం. గాలి పీల్చుకో, అలలు చూడు. అంతే నీ పని." అని ఇటు తిరిగి అటు తిరిగేలోపే, "అన్నట్టు, పడవమీద నాకు పొద్దున్నే ఉప్మా చేసిపెడతావుగా? బయటి తిండి నాకు పడదు" అన్నారు. రెండు మాటలూ ఒకే నోటితో, ఒకే ప్రేమతో. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలన్నా రాదు, అదే నా తలనొప్పి.

ఆయన పేరు త్రినాథరావు. పక్కూరి హైస్కూల్లో సోషల్ మేష్టారుగా చేసి ఆ జనవరిలోనే రిటైరయ్యారు. పాతికేళ్ళకు పైగా పిల్లలకి మోటుపల్లి రేవు, పెద్దపల్లి అని ఒకప్పుడు పిలిచిన నిజాంపట్నం, డచ్చివాళ్ళ బందరు కోట పాఠాలు చెప్పారు. అవన్నీ మనకి దగ్గరే, బస్సెక్కితే పోయి చూసి రావచ్చు. కానీ ఆయనకి బస్సులో పోవడం ఇష్టం లేదు. "రేవుని సముద్రం మీంచి చూడాలి రాజ్యం. ఓడలో వచ్చిన వ్యాపారి ఎట్లా చూశాడో అట్లా" అనేవారు. పెళ్ళైన కొత్తలో ఆ మాట విని నేను మురిసిపోయాను. నన్నూ తీసుకెళ్తారా అని అడిగితే, "నువ్వు లేకుండానా!" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళు ఎదురు చూశాను.

ఈలోపు జరిగిందేమిటంటే, ఆయన బడికి పోయారు, నేను పొలానికి పోయాను. మిరప నారు పోయించడం, పురుగుమందు కొట్టించడం, కోతకి మనుషుల్ని పిలవడం, వాళ్ళకి అన్నాలు, కళ్ళంలో కాయ ఆరబెట్టడం, మంచు పడుతుందనుకుంటే పట్టాలు కప్పించడం, అన్నీ నేనే. ఊళ్ళో మాత్రం "మేష్టారి మిరప ఈసారి బాగుందండీ" అంటారు. మా ఇంటి అరుగుమీద కూర్చుని ఎవరైనా, "ఎకరానికి ఎంత దిగుబడొచ్చింది మేష్టారూ?" అని అడిగితే ఆయన లోపలికి చూసేవారు. నేను వంటింట్లోంచి చెప్తే ఆయన మళ్ళీ బయటికి చెప్పేవారు. అడిగినవాడు ఆయనవైపే చూసి తల ఊపేవాడు. అక్కడ నేనొక గోడనన్నమాట, గొంతున్న గోడని.

షికారుకి ఫిబ్రవరి అయితే బాగుంటుందని ఆయనే తేల్చారు. అప్పుడు సముద్రం నెమ్మదిగా ఉంటుందట. అప్పుడే మా కళ్ళం నిండా మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉంటుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. గుర్తు చేస్తే, "ఎవరో ఒకరు చూసుకుంటార్లే" అన్నారు. ఆ ఎవరో ఒకరు ఇన్నేళ్ళుగా నేనే. చివరికి నాతోపాటు ఏటా కళ్ళంలో పనిచేసే కరీమున్ చేతుల్లో పెట్టాను. "నువ్వు పోయిరా అక్కా. కాయ ఎక్కడికీ పోదు. మీ ఆయన మళ్ళీ అడుగుతాడో లేదో" అని నవ్వింది కరీమున్.

కొత్తపట్నంలో మా వారి పాత శిష్యుడొకడు పడవ మాట్లాడి పెట్టాడు. ఇంజను పడవ, మధ్యలో టార్పాలిన్ కప్పిన నీడ. పడవ పోలయ్యది. అతనికి తోడు అతని బావమరిది కోటి. ఇసుకలో నిలబెట్టిన పడవ దగ్గర పోలయ్య భార్య అంకమ్మ కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు కూడా ఎక్కుతున్నారామ్మా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. మా ఆడోళ్ళం ఎక్కం. ఎక్కకూడదంట. నేను కాపరానికొచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది, ఈ పడవ లోపల ఎట్టా ఉంటుందో నాకు తెలీదు. ఒడ్డున దిగిన చేపని అమ్ముకురావటవే." గొంతు తగ్గించి మళ్ళీ అంది. "పడవమీద వంటంతా నా మొగుడే చేస్తాడంట. ఇంట్లో అన్నం గిన్నె ఇటునించి అటు జరపడు. నిజమో అబద్ధమో చూసొచ్చి చెప్పమ్మా."

ఆమె మొహంలో నవ్వులాటే ఉంది కానీ అడగడం మాత్రం నిజంగానే అడిగింది. చెప్తానన్నాను.

ఎక్కి, ఒడ్డు కాస్త దూరమయ్యాక, అలవాటు ప్రకారం నేను లేచాను. పడవ వెనకవైపు ఇసుక పోసిన రేకు పెట్టెలో కిరసనాయిల్ పొయ్యి ఉంది. నా సంచి విప్పి మూకుడు తీసేసరికి చుక్కాని దగ్గర్నించి పోలయ్య గట్టిగా అరిచాడు.

"అమ్మా, అమ్మా! పొయ్యి ముట్టమాకండి!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమనుకోమాకండి. మీరు ఎక్కటవే మావోళ్ళకి ఇష్టం లేదు. వలెయ్యట్లేదు గాబట్టి సరేనన్నా. పొయ్యి మటుకు కూడదు. పడవమీద పొయ్యిని ఆడమనిషి ముడితే ఆ ఏడాదంతా వల ఒట్టిగా లేస్తాది. మా తాత కాణ్ణించీ ఇంతే."

"మరి నా ఉప్మా?" అన్నారు మా వారు.

"నేను చేస్తాగా మేష్టారూ. మీరు ఖాళీగానే కూర్చున్నారుగా, ఈ ఉల్లిపాయలు కొయ్యండి." కోటి ఉల్లిపాయలూ కత్తిపీటా తెచ్చి, మా వారి ముందు పెట్టాడు. ఆయన నావైపు చూశారు. ఎప్పుడు ఏది కావాలన్నా ఆయన చూసేది నావైపే. నేను సముద్రంవైపు చూశాను.

నా జీవితంలో మొదటిసారి విశ్రాంతి దొరికింది. అది ప్రేమవల్ల దొరకలేదు. ఆడదాని చెయ్యి తగిలితే అరిష్టం అనే నమ్మకంవల్ల దొరికింది. ఎంత అవమానకరమైన మాట! ఊళ్ళో ఎవరైనా అంటే గట్టిగా కడిగిపారేసేదాన్ని. కానీ ఆ పూట మాత్రం ఆ అవమానాన్ని దిండులాగా వీపు వెనక పెట్టుకుని హాయిగా ఆనుకున్నాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఉల్లిపాయల ఘాటు అనుకుని మా వారు, "నీక్కూడా మండుతోందా?" అని అడిగారు.

మధ్యాహ్నం పోలయ్య చేపల పులుసు పెట్టాడు. చుట్టం కాబట్టి పళ్ళెం ముందు నాకే ఇచ్చాడు. వేడి అన్నం, వేడి పులుసు. తింటూ తింటూ ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే అర్థమైంది. నేను మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. పచ్చడి తేవడానికో, మజ్జిగ పొయ్యడానికో, ఎవరి పళ్ళెంలో అన్నం అయిపోయిందో చూడ్డానికో లేవలేదు. అన్నం చల్లారకముందే అన్నం అయిపోయింది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమేమిటని సిగ్గేసింది. "రాజ్యం, కాసిని మంచినీళ్ళు" అన్నారు మా వారు. నేను కదిలేలోపే పోలయ్య, "డ్రమ్ము మీ వెనకాలే ఉంది మేష్టారూ, ముంచుకోండి" అన్నాడు. ఆయన ముంచుకున్నారు. ఏమీ కాలేదు. పడవ మునగలేదు.

నేను మాత్రం నీళ్ళు తాగడం లేదు. ప్రయాణమంటే ఆడవాళ్ళకి అదొక విద్య, పొద్దుటినించి సాయంత్రం దాకా గొంతు తడుపుకోవడమే తప్ప తాగకుండా ఉండడం. పడవలో ముగ్గురు మగవాళ్ళు, చుట్టూ నీళ్ళు, చాటు లేదు. తలనొప్పి మొదలై కణతలు నొక్కుకుంటుంటే మా వారు అడిగారు, ఎండా అని. కాదన్నాను. మరేమిటన్నారు. చెప్పాను. బళ్ళో ఆడపిల్లలు మధ్యాహ్నం నీళ్ళు తాగకుండా ఎందుకుండేవాళ్ళో ఇప్పుడు తెలిసిందని మెల్లిగా అన్నారు. తర్వాత గొంతు పెంచి, "పోలయ్యా, పడవ ఒడ్డుకి పోనీ. నాకు అర్జెంటు" అన్నారు. ఆ రోజునించీ ఆ ప్రయాణమంతా కాస్త కాస్త సేపటికి ఆయనకి అర్జెంటు వచ్చేది. సరుగుడు తోట కనపడితే చాలు, వచ్చేది. కోటి ఒకసారి, "మేష్టారికి షుగరుందేమో బావా" అని పోలయ్యతో గుసగుసలాడాడు. ఆయన విని కూడా మాట్లాడలేదు. ఆ షుగరు లేని మనిషిని ఆ క్షణంలో ఎంత ప్రేమించానో చెప్పలేను.

మోటుపల్లిలో రేవు లేదు. ఇసుక, సరుగుడు చెట్లు, చాలాదూరం నడిస్తే పాత గుడి. మా వారి మొహం చిన్నబోయింది. గుడిలోని శాసనం దగ్గరికి వెళ్ళాక మాత్రం ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. వేలు గాలిలో ఆడిస్తూ నాకు పాఠం చెప్పారు. అంతకు ముందు రాజులు, గాలివానకి ఓడ దారితప్పి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో ఉన్న సరుకంతా లాక్కునేవాళ్ళట. బంగారం, ఏనుగులు, గుర్రాలు, అన్నీ. ఈయన మాత్రం, ప్రాణాలకి తెగించి వచ్చినవాళ్ళ దగ్గర న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాతిమీద మాటిచ్చాడట.

"ఎంత గొప్ప మనసు చూడు" అన్నారు మా వారు.

నేను రాతిమీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నేనూ పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక ఒడ్డుకి చేరాను. మా పుట్టిల్లు చీరాల పక్క, సముద్రం గాలి తగిలే ఊరు. అత్తగారింటికి వచ్చిన మర్నాడే నా పెట్టెలోంచి అమ్మ కట్టిచ్చిన ఎండురొయ్యల పొట్లం తీసి మా అత్తగారు కళ్ళంలోకి విసిరేయించింది. "ఈ కంపు ఇంట్లోకి తెస్తే చుట్టాలు మన గడప తొక్కుతారా?" అంది. ఆ తర్వాత మిగతావీ ఒక్కొక్కటే పోయాయి. మధ్యాహ్నం నిద్ర పోయింది, వారపత్రిక చదువుకోవడం పోయింది, గట్టిగా నవ్వడం పోయింది. "మేష్టారి పెళ్ళాం అంత గొంతేసుకుని నవ్వడమేంటి?" అన్నారు మా మామగారు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అందరూ మంచివాళ్ళే. సుంకం ఎక్కడ ఆగాలో చెప్పే రాయి ఒక్కటీ మా ఇంట్లో లేదు, అంతే.

ఇదంతా ఆయనకి చెప్పలేదు. చెప్పడం రాలేదు.

మర్నాడు నిజాంపట్నం వైపు పోతుంటే పోలయ్య అడిగాడు. "అమ్మా, రోజూ మా ఇష్టమే వండుతున్నా. మీకేం ఇష్టమో చెప్పండి, రేవులో కొనుక్కొచ్చి చేస్తా."

"మేష్టారికి బెండకాయ వేపుడు..." అన్నాను.

"మేష్టారి సంగతి కాదమ్మా. మీకు."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మా వారికి ఏమిష్టమో తెలుసు, పొయ్యేదాకా మా అత్తగారికి ఏమిష్టమో తెలుసు, మా అమ్మాయికి ఏమిష్టమో తెలుసు. నాకు? "రాజ్యానికా..." అని మా వారు అందుకున్నారు, ఠక్కున చెప్పేద్దామని. ఆయనకీ ఏమీ రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పగల మేష్టారు, ఆ ఒక్కదానికి చెప్పలేక తడబడ్డారు. "నిజంగా, నీకేమిష్టం రాజ్యం?" అన్నారు చివరికి. ఆయన గొంతులో భయంలాంటిది ఉంది.

నిజాంపట్నం రేవులో దిగేసరికి ఎండుచేపల వాసన గుప్పున తగిలింది. అప్పుడు తెలిసింది. "వంకాయ, ఎండురొయ్యలు" అన్నాను. అనేటప్పటికి నా నోట్లో నీళ్ళూరాయి, కళ్ళల్లో కూడా.

మా వారు ఆ రోజు డచ్చివాళ్ళ గిడ్డంగి ఆనవాళ్ళు వెతకడానికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. నాతో బజారుకి వచ్చి వంకాయలు ఏరారు. పుచ్చులే ఎక్కువ ఏరారు, అవే కొన్నాం. పడవెక్కాక చొక్కా చేతులు మడిచి, "పోలయ్యా, ఇది నేను చేస్తాను. నువ్వు చెప్పు చాలు" అన్నారు. పోలయ్య చుక్కాని దగ్గర కూర్చుని చెప్తూ పోయాడు. రొయ్యల తలలు తుంచమన్నాడు, తుంచారు. నూనె కాగనియ్యమన్నాడు, కాగనిచ్చారు. "కారం మూడు చెంచాలు నిండా" అన్నాడు. పోలయ్య వాడేది సంతలో కొన్న పలచటి కారం. మా వారు తీసింది నా సంచిలోని డబ్బా. మా చేలో కాసిన కాయ, నేను తొడిమ తీసి, ఎండబెట్టి, దగ్గరుండి మరపట్టించిన కారం. ఇంట్లో అది నేను చిటికెలతో వేస్తాను. నేను ఆపేలోపే మూడు చెంచాలు నిండా పడ్డాయి.

మొదటి ముద్దకి కోటి లేచి పడవ అంచు పట్టుకున్నాడు. పోలయ్యకి పొలమారింది. మా వారి చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, మాట పడిపోయింది. "ఇది... ఇది మన కారమేనా?" అన్నారు ఎట్లాగో.

"మీ కారమేనండి. మేష్టారి మిరప."

అని నేను నవ్వడం మొదలుపెట్టాను. గట్టిగా, గొంతెత్తి, మామగారు వద్దన్న నవ్వు. ఆపుకోలేకపోయాను. నీళ్ళు తాగుతూ, దగ్గుతూ, ఆయనా నవ్వారు. ఇన్నేళ్ళు ఆ పంట మీదే బతికి, దాని ఘాటెంతో తెలియని రైతు. నవ్వు తగ్గాక ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "నేనేం తెలుసుకోలేదు రాజ్యం. రేవుల సంగతి తెలుసుకున్నాను" అన్నారు. నేను రొయ్యలు కడుక్కుని ఒక్కొక్కటే తిన్నాను. అన్నీ తిన్నాను. అంత కారంలోనూ మా అమ్మ వంట రుచి వెతికితే దొరికింది.

బందరు కోటలో కూలిపోయిన గోడలమీద పిచ్చిచెట్లు మొలిచి ఉన్నాయి. అంత పెద్ద రేవు ఎట్లా పోయిందని నేను అడిగితే, ఇసుక మేట వేసిందన్నారు. ఒక్కరోజులో కాదట, ఎవరికీ కనపడకుండా ఏళ్ళ తరబడి వేసిందట. చెప్తూ చెప్తూ ఆగి నా చెయ్యి పట్టుకున్నారు. అక్కడ జనం ఉన్నారు, అయినా వదల్లేదు. తిరుగు ప్రయాణమంతా ఉప్మా ఆయనే కలిపారు. ఉండలు కట్టింది. నేను బాగుందన్లేదు, బాగాలేదనీ అన్లేదు. తిన్నాను. నాకు ఒకటే గుబులు. ఈ మనిషి నాకు కావాలి, ఇట్లాగే కావాలి. ఒడ్డున ఉంటాడా?

కొత్తపట్నంలో ఒడ్డు తగిలింది. పోలయ్య దిగాడు. అన్నిరోజులు మాకు వండి, వడ్డించి, గిన్నెలు కూడా కడిగిన పోలయ్య పాదం ఇసుకమీద ఆనిందో లేదో అక్కడే కూలబడి, "ఏమే, మంచినీళ్ళు పట్రా!" అని కేకేశాడు. అంకమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది.

"ఎట్టా ఉందమ్మా లోపల?" అని అడిగింది అంకమ్మ నా దగ్గరికి వచ్చి.

"నీ మొగుడు చేపల పులుసు చాలా బాగా పెడతాడు అంకమ్మా."

"అంటగా" అంది. "నేనెప్పుడూ తిన్లా."

పోలయ్య విన్నాడు. చెంబు కింద పెట్టి సిగ్గుపడుతూ నవ్వాడు. "ఒడ్డున మేం వండేదేందమ్మా, ఆడోళ్ళు ఉండగా" అన్నాడు. చెడ్డవాడు కాదు. మా వారిలాగే మంచివాడు. మా వారు ఆ మాట విన్నారో లేదో నాకు తెలియదు, అప్పటికే సంచులు మోసుకుని బస్సు దిక్కుగా నడుస్తున్నారు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కళ్ళంలో కరీమున్ కాయ తిరగేస్తూ చెయ్యి ఊపింది. ఊరంతా కారం ఘాటు. మా వారు తాళం తీసి, సంచులు దింపి, వరండాలో వాలుకుర్చీలో కూర్చున్నారు. ఇంకో కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయన చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, హాయిగా ఊపిరి వదిలి, ఎప్పటిలాగే ఎంతో ప్రేమగా అన్నారు.

"రాజ్యం, కాస్త టీ పెట్టవోయ్."

నా ఒళ్ళు అప్పుడే సగం లేచింది. నేను లేవమనలేదు, అదే లేచింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. సంచిలోంచి పోపుల డబ్బా, కారం డబ్బా తీసి, ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన కళ్ళు తెరిచారు. నేను కాళ్ళు ముందుకి చాపి, వెనక్కి ఆనుకుని, నిమ్మళంగా చెప్పాను.

"నేనింకా పడవ దిగలేదండీ."